విగ్రహాలు చెప్పని వివేకవర్ధని



ఏటా ఏప్రిల్ 16న కందుకూరి వీరేశలింగం పంతులుగారి విగ్రహాలకు దండలు పడతాయి. 1848లో ఆ రోజున ఆయన రాజమండ్రిలో పుట్టారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ తేదీని తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుతోంది, కందుకూరి పేరు మీద పురస్కారాలు ఇస్తోంది. వేదికనెక్కిన పెద్దలు వితంతు వివాహాల గురించి చెబుతారు. ఆడపిల్లల బడుల గురించి చెబుతారు. తొలి నవల, తొలి ప్రహసనం ఆయనవేనంటారు. గద్యతిక్కన బిరుదు గుర్తు చేస్తారు. అంతా అయ్యాక, ఇంకా టైముంటే, ఒక పత్రిక కూడా నడిపారని ఓ ముక్క చెప్పి మైకు వదులుతారు.

చివర్లో పడేసే ఆ ముక్కను ముందుకు తెచ్చి కూర్చోబెట్టడమే ఈ ప్రసంగం పని. పంతులుగారికి దండ వేసి చెప్పుకునే ఘనకార్యాల్లో చాలా వాటికి పుట్టిల్లు ఆ పత్రికే. దాని పేరు వివేకవర్ధని. పుట్టింది 1874 అక్టోబరులో. ఊరు రాజమండ్రి కాదు, పక్కనున్న దవళేశ్వరం.

దవళేశ్వరం అనగానే ఎవరికైనా ఆనకట్టే గుర్తొస్తుంది, గుర్రం మీద కాటన్ దొర గుర్తొస్తాడు. అందులో తప్పేం లేదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ ఆనకట్ట లేకపోతే డెల్టాకు ఇప్పుడున్న రూపం లేదు. కానీ ఆనకట్ట తెచ్చింది నీళ్లొక్కటే కాదు. కాలువలు తవ్వారు, మెట్ట పల్లమైంది, భూమికి ధర వచ్చింది. ధరతోపాటే హద్దు తగాదాలు, వాటాల పేచీలు, వాటి వెనక కోర్టులు, కోర్టుల చుట్టూ వకీళ్లు, వకీళ్ల చుట్టూ లంచాలు చేరాయి. ఆనకట్ట పూర్తయిన ఇరవై రెండేళ్లకు అదే ఊళ్లో ఒక బడిపంతులు పత్రిక పెట్టి, మొదట ఆ లంచాల మీదే విరుచుకుపడ్డాడు. ఈ రెంటినీ కలిపి చూస్తే తప్ప వివేకవర్ధని ఎందుకు పుట్టిందో సరిగ్గా అర్థం కాదు.

పత్రిక పెట్టేనాటికి వీరేశలింగంగారికి ఇరవై ఆరేళ్లు. నాలుగేళ్ల వయసులో తండ్రి పోతే పెదనాన్నగారి చేతుల మీద పెరిగారు. ఒళ్లు అంతంత మాత్రం, ఉబ్బసం బతుకంతా వదల్లేదు. కోరంగిలో బడిపంతులుగా కొంతకాలం పనిచేసి, దవళేశ్వరం ఇంగ్లీషు తెలుగు పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడుగా వచ్చారు. అంతకుముందే సర్కారు నౌకరీకి వెళదామనుకున్నారు. చెయ్యి తడపనిదే ఉద్యోగం రాదని తెలిసి ఆగిపోయారు. పోనీ వకీలు పరీక్ష రాద్దామనుకుంటే, అబద్ధం ఆడనిదే ఆ వృత్తి సాగదనిపించి అదీ మానుకున్నారు. ఇలా రెండు దారులు మూసుకున్న మనిషి మూడో దారిగా కలం పట్టి, ఆ రెండు చోట్లా ఏం జరుగుతోందో అచ్చులో పెట్టడం మొదలుపెట్టారు. కడుపు మంట అందామా, కక్ష అందామా? రెండూ పాలు పంచుకుని ఉంటాయి. మంచి పత్రికలు చాలావాటికి పునాదిలో ఈ రెంటిలో ఒకటి ఉంటూనే ఉంటుంది.

తెలుగులో పత్రికలు అప్పటికి కొత్త కాదు. మద్రాసు నుంచి 1838 ప్రాంతంలోనే వృత్తాంతిని వచ్చింది. 1871 నుంచి అక్కడే కొక్కొండ వేంకటరత్నం పంతులుగారు ఆంధ్రభాషా సంజీవని నడుపుతున్నారు. బందరులో పురుషార్థప్రదాయిని ఉంది. వీరేశలింగంగారు రాయడం నేర్చుకున్నది ఈ పత్రికల్లోనే. కొక్కొండవారు ఆడవాళ్లకు చదువెందుకని వాదిస్తే, ఈయన పురుషార్థప్రదాయినిలో జవాబిచ్చారు. ఒకరి పత్రికలో చోటు అడుక్కుని ఎన్నాళ్లు పోట్లాడతారు? సొంత పత్రిక పెట్టుకున్నారు.

పెట్టుకోవడమంటే మాటలు కాదు. దగ్గర్లో అచ్చుకూటం లేదు. మొదట్లో పత్రిక చెన్నపట్నంలో అచ్చయ్యేది. గోదావరి మీద రైలు వంతెన 1900లో గానీ రాలేదని గుర్తుంచుకుంటే, 1874లో ఆ పని ఎంత కష్టమో తెలుస్తుంది. రాతప్రతి టపాలో మద్రాసు వెళ్లాలి. అక్కడ కంపోజిటరు తలకట్టు, గుణింతం, ఒత్తు వేరువేరు గళ్లలోంచి ఏరి పేర్చాలి. తప్పులు దిద్దే మనిషి ఐదారు వందల కిలోమీటర్ల అవతల ఉంటాడు. అచ్చయిన కట్టలు మళ్లీ గోదావరి గట్టుకు చేరాలి. అప్పటికి వార్త పాతబడుతుంది. ఈ తంటా పడలేక మిత్రులతో కలిసి రాజమండ్రిలోనే సొంత ముద్రాక్షరశాల పెట్టుకున్నారు. 1876లో ఆయన ఉద్యోగమూ రాజమండ్రికి మారింది. అచ్చు ఇంటి పక్కకు రావడంతో నెలకోసారి వచ్చే పత్రిక క్రమంగా వారపత్రికైంది. బసవరాజు గవర్రాజుగారి వంటి స్నేహితులు పక్కన నిలబడ్డారు. గవర్రాజుగారు ఎక్కువకాలం బతకలేదు గానీ, వీరేశలింగం కథలో ఆయనకు దక్కాల్సినంత చోటు దక్కలేదన్నది వాస్తవం.

ఇప్పుడు కాస్త సరదా సంగతి. కొక్కొండవారి పత్రిక పేరులో సంజీవని ఉంది. ఆయన వివేకవర్ధనికి పోటీగా హాస్యవర్ధని అనే పత్రిక తెచ్చారు. ఊరుకుంటారా వీరేశలింగంగారు? 1876లో తన వివేకవర్ధనికి అనుబంధంగా హాస్యసంజీవని తెచ్చారు. ఎదుటివాడి పత్రిక పేరులో సగం లాక్కుని అదే పేరుతో అతన్ని గేలి చేయడం! పండితుల పోట్లాట ఇంత రుచిగా ఉన్న కాలం తెలుగు పత్రికల్లో మళ్లీ వచ్చిందా అంటే అనుమానమే.

ఆ హాస్యసంజీవనిలోనే 1876లో బ్రాహ్మవివాహం అచ్చయింది. జనం నోట అది పెద్దయ్యగారి పెళ్లి. కాటికి కాళ్లు చాపుకున్న ముసలాయన డబ్బు పోసి పసిపిల్లను కొనుక్కుని పెళ్లాడే కన్యాశుల్కపు బాగోతం. తెలుగులో తొలి ప్రహసనమని సాహిత్య చరిత్రలన్నీ రాస్తాయి. అది పుట్టింది రంగస్థలం కోసం కాదు, పత్రికలో ఒక పేజీ నింపడం కోసం. అదీ చందాదారుడు నవ్వుతూ చదివి, చదివాక కాస్త సిగ్గుపడేలా. 1880లో ఆయన తన విద్యార్థులతో నాటకాలు వేయించారు. ఆధునిక తెలుగు నాటక ప్రదర్శనకు అది మొదలని చెప్పుకుంటున్నాం. ఇప్పుడు ఏప్రిల్ 16 నాటకాల పండుగైంది. పండుగ మంచిదే. కానీ ఆ నాటకకర్త చెయ్యి తిరిగింది పత్రికాఫీసు బల్ల మీద. ఈ సంగతి పండుగ నాడు ఎక్కడా వినపడదు.

నవల సంగతీ అంతే. రాజశేఖర చరిత్రము పుస్తకంగా వచ్చింది 1880లో. దానికి రెండేళ్ల ముందు, 1878 నుంచి, అది వివేకవర్ధనిలో విడతలు విడతలుగా వచ్చింది. గోల్డ్‌స్మిత్ రాసిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్ చదివి, ఆ కథ పోకడను దవళేశ్వరం మనుషుల మధ్యకు తెచ్చారు. దవళేశ్వరం బ్రాహ్మణ కుటుంబం, దానమడిగే బంధువులు, రసవాదం పేరిట మోసగించే బైరాగి, జాతకాలు, శకునాలు అన్నీ అందులో ఉన్నాయి. కొద్దికొద్దిగా వచ్చే కథ కాబట్టే పాఠకుడు తన వీధి మనుషుల్ని అందులో పోల్చుకోవడానికి తీరిక దొరికింది. తెలుగు వారపత్రికల సీరియల్ అభిమానులు ఎవరికైనా మొక్కాలనుకుంటే ముందు మొక్కాల్సింది వివేకవర్ధనికే.

ఇక లంచాల సంగతి. వివేకవర్ధనికి ఊళ్లో భయమూ భక్తీ తెచ్చిపెట్టింది ఇదే. కోర్టులో రెండు పక్షాల దగ్గరా డబ్బు గుంజే వకీలు, తీర్పుకు వెల కట్టే అధికారి, పోలీసుల జులుం, మునిసిపాలిటీలో చేతివాటం, దేవుడి పేరు మీద సాగే భోగాలు అన్నీ పత్రికలోకి ఎక్కాయి. పేరు రాయకపోయినా ఫలానా ఆయనేనని ఊరంతా గుర్తుపట్టేలా రాయడం పంతులుగారికి బాగా తెలుసు. దయాదాక్షిణ్యాలు ఆ కలానికి తక్కువే. కొన్నిసార్లు అవసరానికి మించి గుచ్చుకునేది కూడా. అయినా ఒక్క మాట ఆలోచించాలి. అప్పటిదాకా ఆ ఊళ్లో లంచం ఇచ్చినవాడు నోరు మూసుకునేవాడు, పుచ్చుకున్నవాడు దర్జాగా తిరిగేవాడు. పుచ్చుకున్నవాడికి వీధిలో నడవడానికి మొహం చెల్లని రోజు తెచ్చింది అచ్చక్షరమే.

తర్వాత వచ్చింది అసలు యుద్ధం. 1879 ఆగస్టులో వితంతు వివాహం మీద పంతులుగారు తొలి ఉపన్యాసం ఇచ్చారు. విన్నవాళ్లకంటే చదివి రెచ్చిపోయినవాళ్లు ఎక్కువ. ఉపన్యాసం ఒక హాలులో ఒక సాయంత్రంతో అయిపోతుంది. అచ్చయిన ఉపన్యాసం మాత్రం పడవల మీద కోనసీమ లంకల దాకా, ఏలూరు దాకా, బందరు దాకా వెళుతుంది. ఖండనలు వచ్చాయి, ఖండనలకు జవాబులు వచ్చాయి, పండితుల సభలు జరిగాయి, పీఠాల నుంచి వెలి మాటలు వినిపించాయి. ఈ గొడవంతా రెండేళ్లపాటు అచ్చులో కాగి కాగి, 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిగింది. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. పోలీసులు కాపలా కాశారు, విద్యార్థులు అండగా నిలబడ్డారు, కాకినాడ వ్యాపారి పైడా రామకృష్ణయ్యగారు డబ్బు సాయం చేశారు. వంటవాళ్లు, నీళ్లు తెచ్చేవాళ్లు మానేస్తే పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరి నుంచి నీళ్లు మోసి, తానే వండి వడ్డించారు. మరో నాలుగు రోజుల్లో రెండో పెళ్లి. 1883లో ఆడవాళ్ల కోసం సతీహితబోధిని అనే పత్రిక కూడా తెచ్చారు. గొడవ ఎవరి గురించో వాళ్లకే ఆ గొడవ చదివే వీలు కల్పించాలన్న ఆలోచన ఆనాటికి ఎంత ముందున్నదో ఊహించుకోవచ్చు.

ఇంత చేసిన పత్రిక పంతులుగారికంటే ముందే ఆగిపోయింది. ఆయన 1919 మే 27న మద్రాసులో కన్నుమూశారు. పత్రిక ఆగిపోయాక ఎవరికీ కనపడదు. అసలు చిక్కు అదే.

ఆయన జ్ఞాపకాలకు రాజమండ్రిలో కొదవ లేదు. ఆయన పుట్టిన ఇల్లు పురావస్తు శాఖ సంరక్షణలో ఉంది. 1890లో ఆయన కట్టించి ప్రజలకిచ్చిన టౌన్‌హాలు ఆయన పేరుతోనే ఉంది. 1906 డిసెంబరులో హితకారిణీ సమాజం పెట్టి తన యావదాస్తినీ దానికి రాసిచ్చారు. ఆ సమాజం కింద నడిచిన బడులు, కాలేజీలు కందుకూరి దంపతుల పేర్లు మోస్తున్నాయి. హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద విగ్రహం పెట్టారు. 1974 జూలైలో తపాలా శాఖ ఇరవై అయిదు పైసల బిళ్ల మీద ఆయన బొమ్మ వేసింది. టిప్పు సుల్తాన్, మాక్స్ ముల్లర్ బొమ్మలతో కలిసి వచ్చిన బిళ్ల అది. ఆ ఏడాదే అక్టోబరుకు వివేకవర్ధనికి నూరేళ్లు నిండాయి. కావాలని చేశారో యాదృచ్ఛికమో గానీ, బిళ్ల అంటించి ఉత్తరం వేసినవాళ్లలో ఆ లెక్క ఎందరు కట్టి ఉంటారు?

ఇల్లుంది, హాలుంది, బడుంది, విగ్రహముంది. ఇవన్నీ ఇటుకా రాయీ కాబట్టి నిలిచాయి. పత్రిక కాగితం. గోదావరి జిల్లాల గాలిలో తేమ ఎక్కువ, చెదలకు లోటు లేదు, వరదకు కరుణ లేదు. పాత కాగితం ఆ వాతావరణంలో ఎన్నాళ్లు బతుకుతుంది? పత్రిక స్థాపకుడికి స్మారకం కట్టేటప్పుడు మిగతావాళ్లకు లేని చిక్కు ఇక్కడ వస్తుంది. ఇంజినీరుకు ఆనకట్ట ఉంది, దాతకు సత్రం ఉంది, కవికి పుస్తకం ఉంది. పత్రిక నడిపినవాడి పని మాత్రం వారం తిరిగేసరికి పొట్లం కట్టడానికి వెళ్లిపోతుంది. అందుకే వాళ్ల స్మారకాల మీద ఒక పేరు, ఒక తేదీ చాలవు. ఏం అచ్చువేశారో, దాని వల్ల ఏమైందో కూడా రాసి తీరాలి.

ఈ విషయంలో మరాఠీవాళ్లు మనకంటే జాగ్రత్తపరులు. బాలశాస్త్రి జాంభేకర్ 1832 జనవరి 6న బొంబాయిలో దర్పణ్ అనే పత్రిక మొదలుపెట్టారు. ఆ పత్రిక ఎప్పుడో ఆగిపోయింది, ఆయన చిన్న వయసులోనే పోయారు. అయినా మహారాష్ట్రలో జనవరి 6ను పత్రికా దినంగా జరుపుకుంటారు. పుణేలో తిలక్ 1881లో మొదలుపెట్టిన కేసరికి ఆయన నివసించిన గైక్వాడ్ వాడానే ఇల్లు. ఆ వాడాను ఇప్పుడు జనం కేసరివాడా అనే పిలుస్తారు, తిలక్ సంగ్రహాలయమూ అందులోనే. మనిషి పేరు కంటే పత్రిక పేరు ఆ భవనానికి గట్టిగా అతుక్కుంది. మన వీరేశలింగం పుట్టినరోజు నాటకానికి దక్కింది, ఇల్లు సంస్కర్తకు దక్కింది, హాలు ఉపన్యాసకుడికి దక్కింది. సంపాదకుడికే ఏ గుర్తూ దక్కలేదు.

మద్రాసులో ఇంకో ముచ్చట. మైలాపూరు లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కు ఉంది. పొద్దున్నే నడకకు వచ్చేవాళ్లతో కిటకిటలాడుతుంది. ఆ నాగేశ్వరరావు ఎవరంటే అమృతాంజనం ఆయన అంటారు, నిజమే. 1893లో తలనొప్పి మందు మొదలుపెట్టి, ఆ డబ్బుతో 1908లో బొంబాయి నుంచి ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చి, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా మార్చిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అని చెప్పేవాళ్లు తక్కువ. జనానికి సీసా గుర్తుంది, పత్రిక గుర్తు లేదు. ఎంత గొప్ప పార్కైనా అది చెప్పలేదు కదా.

గోదావరి గట్టున పత్రికల వాళ్ల కథ వీరేశలింగంతో ముగియదు. న్యాపతి సుబ్బారావు పంతులుగారిని తీసుకోండి. 1878 సెప్టెంబరు 20న మద్రాసులో ఆరుగురు కుర్రాళ్లు చేబదులు తెచ్చిన రూపాయి పన్నెండణాలతో ఎనభై ప్రతులు అచ్చువేసి ది హిందూ మొదలుపెట్టారు. ఆ ఆరుగురిలో ఈయనొకరు. తర్వాత రాజమండ్రిలో వకీలుగా స్థిరపడి, మునిసిపల్ చైర్మన్ అయి, 1891లో చింతామణి పత్రిక పెట్టి నవలల పోటీలు నడిపారు. దానికి సంపాదకుడు మన వీరేశలింగంగారే. హిందూ తొలి సంపాదకుడు జి. సుబ్రహ్మణ్య అయ్యర్ 1889లో వితంతువైన తన కూతురికి మళ్లీ పెళ్లి చేశారు. మద్రాసులో ఒకరు, రాజమండ్రిలో ఒకరు, ఇద్దరూ పత్రికల వాళ్లే. రాయడంతో ఆగకుండా ఇంట్లో, ఊళ్లో చేసి చూపించారు. భారతదేశంలో అతి పెద్ద ఇంగ్లీషు పత్రికల్లో ఒకదాని వ్యవస్థాపకుడు రాజమండ్రి వీధుల్లో తిరిగాడని ఇవాళ ఆ వీధుల్లో తిరిగే విద్యార్థులకు చెప్పే ఫలకం ఒకటుంటే ఎంత బాగుండును.

1907లో రాజమండ్రిలో ట్రైనింగ్ కాలేజీ విద్యార్థిగా ఉన్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు వందేమాతరం ఉద్యమంలో పాల్గొని కాలేజీ నుంచి గెంటివేతకు గురయ్యారు. మరుసటి ఏడాది బెజవాడలో స్వరాజ్య పత్రిక నడిపి, రాజద్రోహం కింద జైలుకు వెళ్లారు. చూపు మందగించిన చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు చెబుతుంటే ఇంకొకరు రాసేలా రాజమండ్రి నుంచి మనోరమ, దేశమాత నడిపారు. మద్దూరి అన్నపూర్ణయ్యగారు సీతానగరం ఆశ్రమం నుంచి కాంగ్రెస్ పత్రిక తెచ్చి అల్లూరి సీతారామరాజును పొగిడినందుకు జైలు పాలయ్యారు. కాకినాడలో పులుగుర్త లక్ష్మీనరసమాంబగారు సావిత్రి నడిపారు. ఏలూరులో సత్తిరాజు సీతారామయ్యగారు 1902లో హిందూసుందరి మొదలుపెట్టారు. వీళ్లలో వీరేశలింగంతో ఏకీభవించినవాళ్లున్నారు, ఆయన ఇంగ్లీషు దొరతనాన్ని మరీ నమ్మాడని విసుక్కున్నవాళ్లూ ఉన్నారు. ఆ విసుగులో న్యాయం కూడా ఉంది. పంతులుగారి పోట్లాట మన ఇళ్లలోని చెడుతో, మన కచేరీల్లోని లంచంతో. తెల్లవాడి రాజ్యంతో ఆయన తలపడలేదు. ఈ లోటు చెప్పకుండా ఆయనకు స్మారకం కడితే అది సగం అబద్ధం అవుతుంది.

భాష విషయం ఒకటి చెప్పి ముందుకు పోదాం. కుర్రతనంలో ఆయన పరవస్తు చిన్నయసూరి బాటలో సంధి, విగ్రహం అనే పుస్తకాలు రాశారు. విగ్రహం బాగా బిగువైన పండిత భాష. పత్రికలో ఆ భాష పనికిరాదని త్వరగానే తెలిసొచ్చింది. లంచం పుచ్చుకున్నవాడి గురించి సమాసాలతో రాస్తే లంచం ఇచ్చినవాడికి అర్థం కాదు. పత్రిక ఆయన వచనాన్ని తేలిక చేసింది. చివరికి చనిపోయిన ఏడాది, 1919లో, వ్యావహారిక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులుగారు పెట్టిన సమాజానికి ఆయన అధ్యక్షుడుగా నిలబడ్డారు. పండితుడు మారాడని ఆశ్చర్యపడినవాళ్లున్నారు. పత్రిక నడిపిన మనిషి మారకపోతేనే ఆశ్చర్యం.

2024 అక్టోబరుతో వివేకవర్ధనికి నూటయాభై ఏళ్లు నిండాయి. ఆ సందర్భాన్ని అందుకున్నా అందుకోకపోయినా, చేయాల్సిన పని ఇంకా మిగిలే ఉంది, ఖర్చు కూడా పెద్దది కాదు. దవళేశ్వరంలో, ఆనకట్ట చూడటానికి జనం వచ్చే చోట, నిలువెత్తు రాయి ఒకటి. దాని మీద విగ్రహం అక్కర్లేదు. బిరుదులు అసలే అక్కర్లేదు. ఈ ఊళ్లో బడిపంతులుగా ఉన్న కందుకూరి వీరేశలింగం 1874 అక్టోబరులో వివేకవర్ధని పత్రిక ప్రారంభించారని, కచేరీలలో లంచాలను బయటపెట్టారని, అందులోనే తెలుగువారి తొలి ప్రహసనం, తొలి నవల వెలువడ్డాయని, ఆ పత్రిక సాగించిన వాదన ఫలితంగా 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిగిందని వాడుక తెలుగులో నాలుగైదు వాక్యాలు ఉంటే చాలు. చదవడానికి నిమిషం పట్టదు. పక్కన ఏ సంచిక మొదటి పేజీ నకలైనా చెక్కిస్తే ఇంకా మంచిది.

ఇలాంటి రాయి వేయడానికి ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఎదురుచూడనక్కర్లేదు. రాజమహేంద్రవరం, కాకినాడ, ఏలూరు, భీమవరాల్లో విలేకరుల సంఘాలున్నాయి, పాత్రికేయ కోర్సులు చెప్పే విశ్వవిద్యాలయం రాజమహేంద్రవరంలోనే ఉంది, అచ్చు వ్యాపారం చేసుకునే కుటుంబాలున్నాయి. సభలకూ శాలువాలకూ ఒక ఏడాది పెట్టే ఖర్చులో కొంత పక్కన పెట్టినా పని పూర్తవుతుంది.

రాయి కంటే ముఖ్యమైన పని మరొకటి మిగిలింది. డెల్టాలో పాత లోగిళ్లు, అగ్రహారాల్లో అటకల మీద పెట్టెలు ఇంకా ఉన్నాయి. తాతముత్తాతలు చందా కట్టి తెప్పించుకున్న పత్రికలు ఆ పెట్టెల్లో ఉండవచ్చు. వివేకవర్ధని, సతీహితబోధిని, చింతామణి, మనోరమ, దేశమాత, హిందూసుందరి ఏది కనపడినా, చిరిగిన కాగితమైనా, అట్ట లేని సంచికైనా, పాత సామాన్లవాడికి తూకానికి వేయకండి. రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయానికి తీసుకెళ్లి చూపించండి. ఇవ్వడానికి మనసొప్పకపోతే కనీసం ఫోటోలైనా తీయనివ్వండి.